పాత ఎస్‌యూవీలో కూలెంట్ లీకు: చోటు కనిపెట్టడం, బాగు చేయడం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పదేళ్లు దాటిన బొలెరోలు, స్కార్పియోలు, సుమోలు, 2005లో అమ్మకాలు ఆగిపోయిన క్వాలిస్‌లు కూడా ఇప్పటికీ పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, ఏజెన్సీ ఊళ్లకు తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో చాలా బండ్లలో సీటు కింద రెండు లీటర్ల నీళ్ల సీసా ఒకటి దొర్లుతూ కనిపిస్తుంది. ఎందుకని అడిగితే "బండి కొంచెం నీళ్లు తాగుతుంది" అని జవాబు వస్తుంది. ఇంజన్ నీళ్లు తాగదు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తిరిగేది మూసి ఉన్న దారిలో. మట్టం పదే పదే తగ్గుతోందంటే అది ఎక్కడో ఒకచోట బయటికో, ఇంజన్ లోపలికో పోతోందని అర్థం. ఆ చోటు కళ్లారా చూడకముందు ఒక్క సామాను కూడా కొనవద్దన్నది నేను ఈ వ్యాసంలో మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని చెప్పే మాట.

చిన్న లీకే కదా అని ఎందుకు వదిలేయకూడదో ముందు తెలుసుకోవాలి. ఉత్త నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. రేడియేటర్ క్యాపు సుమారు 1 బార్ అదనపు ప్రెషర్ పట్టి ఉంచితే అదే నీరు 120 డిగ్రీల దాకా మరగదు. నీరు, కూలెంట్ సగం సగం కలిసిన మిశ్రమమైతే 125 డిగ్రీలు దాటాక గాని మరగదు. సూది మొనంత రంధ్రం పడినా ఆ ప్రెషర్ నిలవదు కాబట్టి, కూలెంట్ నిండుగానే ఉన్నా, ఎక్కుడు దారిలో ఇంజన్ పైభాగమైన హెడ్ చుట్టూ ద్రవం ముందుగానే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఊళ్లో తిరిగినంతకాలం ఏ ఇబ్బందీ చూపని బండి సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కేటప్పుడో, శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఎక్కేటప్పుడో టెంపరేచర్ ముల్లు లేపడానికి చాలాసార్లు కారణం ఇదే.

ముల్లును పూర్తిగా నమ్మకూడదు కూడా. టెంపరేచర్ సెన్సారు ద్రవంలో మునిగి ఉన్నప్పుడే సరిగా చెబుతుంది. కూలెంట్ బాగా తగ్గి సెన్సారు గాలిలో మిగిలిపోతే, ఇంజన్ మాడిపోతున్నా ముల్లు మామూలు చోటే నిలబడవచ్చు, కిందికి కూడా దిగవచ్చు. "ముల్లు లేవనే లేదు, హెడ్ ఎలా పోయింది?" అని బాధపడేవారిలో కొందరికి జరిగింది ఇదే.

పని మొదలుపెట్టే ముందు

ఈ పనికి తెల్లవారుజామే మంచి సమయం. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉంటుంది, ప్రెషర్ ఉండదు, కారిన చుక్క ఆరకుండా ఉంటుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాపును ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు. మూత వదులైన క్షణంలోనే లోపలి ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది, ఆ కాలిన గాయం నూనె పడినట్టే ఉంటుంది. ఇంజన్‌ను రేడియేటర్ పైభాగంతో కలిపే రబ్బరు గొట్టాన్ని, అంటే పై హోస్‌ను, చేత్తో నొక్కి చూసి, అది చల్లగా, మెత్తగా ఉంటేనే మందపాటి గుడ్డ కప్పి క్యాపును నెమ్మదిగా తిప్పాలి. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్న బండ్లలో తాళం తీసేసినా ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు కాబట్టి బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి ఉంచడం మంచిది.

కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ విషం. అది తియ్యగా ఉంటుంది, అందుకే కుక్కలు, దూడలు నాకుతాయి. కొద్దిపాటి మోతాదు కూడా వాటి మూత్రపిండాలను పాడు చేసి ప్రాణం తీస్తుంది. దించిన కూలెంట్‌ను పెరట్లోనో, వీధి కాలువలోనో పోయకుండా మూత ఉన్న క్యానులో పట్టి, పిల్లలకు అందకుండా ఉంచి, పాత ఆయిలు సేకరించే షెడ్డుకు ఇవ్వాలి. నేలమీద ఒలికితే ఇసుకో, ఊకో చల్లి ఎత్తివేసి ఆ చోటు నీళ్లతో కడగాలి. ఈ ఒక్క విషయంలో మన దగ్గర చూపే నిర్లక్ష్యం నన్ను చాలా బాధపెడుతుంది.

మొదటి అడుగు: మట్టం లెక్క

ఒక చిన్న రంగు టేపు ముక్కను బానెట్టు కింద ఉండే ప్లాస్టిక్ కూలెంట్ డబ్బా మీద, చల్లని ఇంజన్‌లో కూలెంట్ ఉన్న మట్టం దగ్గర అంటించండి. బండిని రోజూ ఒకే చోట, చదునైన నేలమీద నిలిపి, వారం రోజులపాటు ఉదయం మట్టాన్ని, అప్పటికి తిరిగిన కిలోమీటర్లను కాగితం మీద రాసుకోండి. వేడెక్కినప్పుడు ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి సాయంత్రం చూసిన మట్టాన్ని ఉదయం చూసిన మట్టంతో పోల్చకూడదు.

ఇక్కడ పాత బండ్లలో రెండు రకాల అమరికలు ఉన్నాయని గుర్తించాలి. కొన్నింటిలో ప్రెషర్ క్యాపు ప్లాస్టిక్ డబ్బా మీదే ఉంటుంది, డబ్బా మట్టమే అసలు మట్టం. మరికొన్నింటిలో క్యాపు రేడియేటర్ నెత్తిన ఉండి, పక్కన డబ్బా కేవలం పొంగిన ద్రవాన్ని పట్టుకునేందుకు ఉంటుంది. ఈ రెండో రకంలో డబ్బా నిండుగా కనిపిస్తూనే రేడియేటర్ ఖాళీ అవుతూ ఉండవచ్చు. అందువల్ల చల్లని ఇంజన్ మీద రేడియేటర్ మూతి తెరిచి, ద్రవం అంచు దాకా ఉందో లేదో స్వయంగా చూడాలి.

రెండో అడుగు: కారిన చుక్కను గుర్తుపట్టడం

ఇంజన్‌ను తుడిచి, పాత మరకలు పోగొట్టి, బాగా ఆరనిచ్చి, రాత్రి బండి కింద వెడల్పాటి అట్టపెట్టె ముక్క పరచండి. అట్ట మీద ముందు చక్రాల స్థానం గీసి ఉంచితే, ఉదయం చుక్క ఏ భాగం కింద పడిందో తేలిగ్గా తెలుస్తుంది. ఏసీ వేసుకుని వచ్చిన బండి కింద కారే నీరు రంగూ వాసనా లేకుండా, వేలికి నీరులాగే తగులుతుంది. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. కూలెంట్ చుక్కకు రంగు ఉంటుంది, రెండు వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, తీపి వాసన వస్తుంది. వాసన చూస్తే చాలు, నాలుక మీద వేసుకుని చూడకూడదు. ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోసిన బండిలో రంగు ఏమీ మిగలదు కాబట్టి తుప్పు రంగు చుక్కను వెతకాలి.

చుక్క పడిన చోట పైకి చూడటం మరచిపోవద్దు. ద్రవం పైనుంచి కారి, ఏదో బ్రాకెట్ వెంట జారి, మూరెడు అవతల కింద పడుతుంది. ఆరిన కూలెంట్ వదిలిన తెల్లటి, పచ్చటి, లేత ఎరుపు పొక్కును పట్టుకుని అది మొదలైన చోటు దాకా పైకి వెళ్లాలి.

మూడో అడుగు: హోస్‌లు, క్లిప్పులు, రేడియేటర్

టార్చిలైటు, చిన్న అద్దం చేతిలో పెట్టుకుని పై హోస్‌తో మొదలుపెట్టండి. హోస్‌ను మొత్తం పొడవునా నొక్కుతూ పోవాలి. మంచి రబ్బరు నొక్కితే లొంగి తిరిగి లేస్తుంది. పాడైనది ఒకచోట పిండిలా మెత్తగానో, మరోచోట కట్టెలా బిరుసుగానో ఉంటుంది, వంచితే సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి. క్లిప్పు కొరికిన అంచు దగ్గరే ఎక్కువ హోస్‌లు చిట్లుతాయి. కింది హోస్ కనిపించదు కాబట్టి చాలామంది చూడరు, కాని గతుకుల మీద రాళ్లు తగిలేది దానికే. హీటరుకు వెళ్లే రెండు సన్నని హోస్‌లు ఇంజన్ వెనుక నక్కి ఉంటాయి, వాటినీ వదలవద్దు.

చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కారి, వేడెక్కాక ఆగిపోయే లీకు ఉంటే క్లిప్పు వదులైందని అనుమానించండి. వేడెక్కాక మాత్రమే కారితే ప్రెషర్ పెరిగినప్పుడు తెరుచుకునే పగులు కోసం వెతకండి.

రేడియేటర్‌లో అల్యూమినియం కోర్, పైన లేదా పక్కన ప్లాస్టిక్ ట్యాంకు కలిసే మడత అంచు బలహీనమైన చోటు. ఏళ్లు గడిచిన కొద్దీ ప్లాస్టిక్ పెళుసై, లోపలి రబ్బరు రింగు గట్టిపడి, ఆ మడత వెంట తడి కనిపిస్తుంది. కింది డ్రెయిన్ ప్లగ్గు చుట్టూ వేలు తిప్పి చూడండి. కళ్లాల రోజుల్లో ఊక, గడ్డి నలుసులు రేడియేటర్ రెక్కల మధ్య దూరి గాలిని ఆపేస్తాయి. అది లీకు కాకపోయినా వేడిని పెంచి బలహీనమైన చోటును తెరిపిస్తుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో నీళ్లు కొట్టి కడగాలి. ఎక్కువ ప్రెషర్ కొడితే రెక్కలు వంగిపోతాయి.

నాలుగో అడుగు: క్యాపు

అన్నింటికన్నా చవకైనది, అన్నింటికన్నా ఆలస్యంగా గుర్తుకొచ్చేది క్యాపు. కొన్నేళ్ల కిందట నా బండి వారానికి అర లీటరు కూలెంట్ పోగొట్టుకునేది, కింద మాత్రం ఒక్క చుక్కా కనిపించేది కాదు. ఒక షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రీ బానెట్టు ఎత్తి చూసి, "రేడియేటర్ పోనాది బాబూ, కొత్తది వేసీయాల" అన్నాడు. వేయించాను. రెండు వారాలకు మట్టం మళ్లీ తగ్గింది. కొత్త రేడియేటర్ మీద పాత క్యాపునే బిగించి ఇచ్చారని అప్పుడు చూసుకున్నాను. క్యాపు అడుగున రబ్బరు వాషరు ఒక పక్క చీలి, గోరుతో లాగితే పొరగా ఊడి వచ్చింది. మధ్యలో ఉండే చిన్న వ్యాక్యూమ్ వాల్వు తుప్పు పట్టి కదలడం లేదు. వేడెక్కినప్పుడు ద్రవం చీలిక గుండా డబ్బాలోకి, అక్కడి నుంచి పొంగు గొట్టం గుండా నడిచే దారిలో రోడ్డు మీదికి పోతోంది. చల్లబడినప్పుడు వెనక్కి రావలసిన దారి మూసుకుపోయింది. కొత్త క్యాపు ధర ఆ రేడియేటర్ ఖర్చులో పదో వంతు కూడా లేదు.

కాబట్టి క్యాపును తిప్పి వెలుతురులో చూడండి: రబ్బరు చీలిందా, గట్టిపడిందా, స్ప్రింగు సమంగా నొక్కుకుంటోందా, మధ్య వాల్వును గోరుతో లాగితే తెరుచుకుని తిరిగి మూసుకుంటోందా. ఇంజన్ చల్లబడ్డాక పై హోస్ చప్పిడిగా లోపలికి పీల్చుకుపోయి ఉంటే వ్యాక్యూమ్ వాల్వు పనిచేయడం లేదని అర్థం. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న 0.9, 1.1 వంటి అంకెనే చూసి తీసుకోవాలి. "ఎక్కువ అంకె ఉంటే మంచిదే" అని దుకాణంలో ఎవరైనా చెప్పినా వినవద్దు. ఆ అదనపు ప్రెషర్ పాత హోస్‌ల మీద పడుతుంది.

ఐదో అడుగు: వాటర్ బాడీ, హీటరు

మన షెడ్లలో వాటర్ బాడీ అనే వాటర్ పంపుకు, షాఫ్టు దగ్గర అడుగున ఒక చిన్న రంధ్రం కావాలనే పెడతారు. లోపలి సీలు పోయినప్పుడు కూలెంట్ బేరింగులోకి చేరకుండా ఆ రంధ్రం గుండా బయటికి వస్తుంది. కారుతోంది కదా అని దానికి ఎం-సీల్ పెట్టి మూసేసిన బండ్లను చూశాను. అలా మూస్తే ద్రవం బేరింగును తినేసి, నడిరోడ్డు మీద పుల్లీ పట్టేస్తుంది లేదా ఫ్యాను ఊగి రేడియేటర్‌ను కోసేస్తుంది. బెల్టు తీసి పుల్లీని రెండు చేతులతో అటూ ఇటూ ఊపి చూడండి. ఆట ఉంటే, లేదా రంధ్రం కింద పొక్కు కట్టి ఉంటే, పంపు మార్చవలసిందే.

ఎడమ సీటువారి కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి, అద్దం లోపలి వైపు జిడ్డుగా ఆవిరి పడుతూ, క్యాబిన్‌లో తీపి వాసన వస్తుంటే లీకు డ్యాష్‌బోర్డు వెనుక ఉండే చిన్న రేడియేటర్ లాంటి హీటర్ కోర్‌లో ఉంది. డ్యాష్‌బోర్డు విప్పడం పెద్ద పని. మన తీరంలో హీటరుతో పెద్దగా అవసరం లేదు కాబట్టి దాన్ని తప్పించి నడపడం నా దృష్టిలో తప్పు కాదు, అయితే రెండు హోస్‌లను బోల్టులతో బిరడా వేయకుండా, ఒకదాని నుంచి మరొకదానికి ద్రవం తిరిగేలా గొట్టంతో కలపాలి. చాలా ఇంజన్లలో ఆ దారిలో ప్రవాహం అవసరం. అరకు వైపు మంచులో తరచుగా తిరిగేవారు మాత్రం కోర్ మార్పించుకోవాలి.

ఆరో అడుగు: ప్రెషర్ పరీక్ష

ఇంతవరకూ ఏమీ దొరకకపోతే చేతిపంపు ఉన్న ప్రెషర్ టెస్టరు కావాలి. అది అన్ని షెడ్లలోనూ ఉండదు, ముందే అడిగి వెళ్లండి. చల్లని ఇంజన్‌కు క్యాపు స్థానంలో దాన్ని బిగించి, క్యాపు మీది అంకె దాకా మాత్రమే గాలి కొట్టి, పావుగంట ఆగాలి. టెస్టరు ముల్లు నిలిచి ఉంటే బయటి లీకు లేనట్టే. నెమ్మదిగా దిగుతుంటే ఇంజన్ ఆగి ఉన్న నిశ్శబ్దంలో, ఫ్యాను అడ్డు లేకుండా, చుక్క ఎక్కడ పుడుతోందో తీరిగ్గా వెతకవచ్చు. ఇంజన్ బ్లాకు పక్కన ఉండే రేకు బిళ్లల్లాంటి కోర్ ప్లగ్గులు తుప్పు పట్టి చెమర్చడం ఈ పరీక్షలోనే బయటపడుతుంది. ఉత్త బోరు నీటితో నడిచిన బండ్లలో, ముఖ్యంగా సముద్రం పక్క ఊళ్ల బండ్లలో, వాటిని జాగ్రత్తగా చూడాలి.

ప్రెషర్ దిగుతూ, బయట ఎక్కడా తడి లేకపోతే కూలెంట్ ఇంజన్ లోపలికి పోతోంది. ఆయిలు మూత అడుగున, డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు ముద్ద. వేడెక్కాక కూడా ఆగని, తీపి వాసన ఉన్న తెల్ల పొగ. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై హోస్ రాయిలా బిగుసుకోవడం. డబ్బాలో ఆగకుండా బుడగలు రావడం: ఇవన్నీ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూపిస్తాయి. అయితే ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) ఉన్న డీజిల్ ఇంజన్లలో ఆ కూలర్ లోపల చిట్లినా తెల్ల పొగ, మట్టం తగ్గడం అచ్చం ఇలాగే ఉంటాయి. హెడ్ విప్పే ముందు ఈజీఆర్ కూలర్‌ను విడదీసి పరీక్షించమని మేస్త్రీని అడగండి, ఎందుకంటే ఈ రెండు పనుల ఖర్చుకు చాలా తేడా ఉంటుంది. ఆయిలులో కూలెంట్ కలిసిందని తేలితే బండిని నడపకుండా లాగించుకు వెళ్లాలి. హెడ్ దించినప్పుడు లేత్ షాపులో దాని సమతలం కొలిపించకుండా కొత్త గ్యాస్కెట్ వేసి బిగిస్తే, ఆ పని మళ్లీ చేయవలసి వస్తుంది.

బాగుచేసేటప్పుడు

హోస్ మార్చడం ఇంట్లో చేసుకోగల పని. కూలెంట్ దించి, పాత హోస్‌ను లాగి మూతి విరగ్గొట్టుకోకుండా బ్లేడుతో నిలువుగా కోసి తీసి, మూతి మీది తుప్పును సన్న ఎమరీ కాగితంతో నునుపు చేసి, కొత్త క్లిప్పుతో బిగించాలి. క్లిప్పు మూతి గట్టుకు లోపలివైపు కూర్చోవాలి, గట్టు మీద కాదు. ఒక హోస్ వయసుతో చిట్లితే మిగిలినవి కూడా అదే వయసువి కాబట్టి అన్నీ కలిపి మార్చడం మేలు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలిన రేడియేటర్‌కు పైపూతలు ప్రెషర్ కింద నిలవవు. లీకు ఆపే పొడులు, ద్రవాలు అసలు వద్దు. అవి రంధ్రంతో పాటు రేడియేటర్ సన్న గొట్టాలను, హీటర్ కోర్‌ను కూడా మూసేస్తాయి.

ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్ వైపు వదలని వాల్వు థర్మోస్టాట్. దాని విషయంలో గట్టిగానే చెప్పాలి. "మనది వేడి ప్రాంతం, అది అక్కర్లేదు" అని దాన్ని తీసి పారేసే అలవాటు ఉంది. అది లేకపోతే ఇంజన్ ఉండవలసిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, డీజిల్ ఎక్కువ కాలుతుంది, అరుగుదల పెరుగుతుంది. పాతది తీశాక కొత్తది వేయించుకోండి. అనుమానం ఉంటే గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అందులో వేలాడదీసి చూడవచ్చు. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది.

నింపడం, గాలి తీయడం

పాత ద్రవం దించాక శుభ్రమైన నీళ్లు పోసి, ఇంజన్ వేడెక్కించి, చల్లార్చి, దించి, నీరు తేటగా వచ్చేదాకా ఇదే చేయాలి. ఆ తరువాత నింపేది డిస్టిల్డ్ నీటితోనే. బోరు నీరు ఇంట్లో గిన్నె అడుగున కట్టే తెల్లటి సున్నాన్నే ఇంజన్ లోపల కూడా కడుతుంది. బ్యాటరీ దుకాణంలో అడిగేటప్పుడు డిస్టిల్డ్ వాటర్ అనే అడగండి, పక్కనే యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి.

గాఢమైన కూలెంట్ అయితే సగం సగం కలపాలి. కలిపి అమ్మేదైతే నీరు చేర్చకూడదు. ఇక్కడ ఒక లెక్క తప్పుతుంటారు. కడిగిన నీరు ఇంజన్ బ్లాకులో కొంత మిగిలే ఉంటుంది. బండి మొత్తం పట్టేది 10 లీటర్లయితే ముందుగా 5 లీటర్ల గాఢ కూలెంట్ పోసి, మిగిలిన ఖాళీని డిస్టిల్డ్ నీటితో నింపితే పాళ్లు సరిపోతాయి. రంగు చూసి కూలెంట్ రకం నిర్ణయించవద్దు, రంగులకు అన్ని కంపెనీలకూ ఒకే నియమం లేదు. బండి పుస్తకంలో రాసిన రకమే పోయాలి, రెండు రకాలు కలపకూడదు.

గాలి తీయడానికి బండి ముందుభాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటరు మీట పూర్తి వేడి వైపు తిప్పి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, చల్లని ఇంజన్‌లో నెమ్మదిగా పోయండి. క్యాపు తెరిచే ఇంజన్ స్టార్ట్ చేసి, బుడగలు వస్తూ మట్టం దిగినప్పుడల్లా కొద్దికొద్దిగా పోస్తూ ఉండాలి. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ ఒక్కసారిగా వేడెక్కాక, బుడగలు ఆగాక, పొంగడానికి ముందే క్యాపు మూయాలి. పూర్తిగా చల్లారాక మట్టం మళ్లీ చూసి నింపాలి.

దారిలోనే ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, క్షేమమైన చోట పక్కకు తీసి ఇంజన్ ఆపండి. కనీసం ఒక గంట క్యాపు జోలికి పోవద్దు, కాలుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు, హెడ్ పగులుతుంది. చల్లబడ్డాక తప్పనిసరైతే తాగే నీళ్లే పోసి షెడ్డు దాకా చేరవచ్చు, కాని ఆ నీటిని తరువాత దించి సరైన మిశ్రమం నింపాలి.

బాగుచేసిన తరువాత టేపు ముక్కను మళ్లీ అంటించి, మొదటి మూడు రోజులు ప్రతి ఉదయం, ఆపై వారానికోసారి నెలపాటు మట్టం చూడండి. 500 కిలోమీటర్ల తరువాత క్లిప్పులన్నీ చల్లని ఇంజన్ మీద ఒకసారి బిగించి, అట్టముక్కను ఇంకొక రాత్రి బండి కింద పరచి, ఉదయం అది పొడిగా ఉందని చూసుకున్నాకే ఘాట్ ఎక్కించండి.